మరింత పరిశోధన అవసరం

కొంగస్‌వెవ ఆసుపత్రి,
జనవరి 14

శ్రియానీ,

నువ్వు పారిపోయావు. ఇంతకంటే మెత్తటి మాట నా దగ్గర లేదు. పదకొండేళ్ళు ప్రతి నెలా రెండో శనివారం కాండీ నుంచి విద్యార్థులని వెంటేసుకుని వచ్చావు. మా వాళ్ళ చేతుల్లోంచి రక్తం తీసుకెళ్ళావు. పేపర్లు రాసి ప్రొఫెసర్‌వి అయ్యావు. ఇప్పుడు ఒక్క మాటైనా చెప్పకుండా కొలంబోలో మంత్రి కుర్చీలో కూర్చున్నావు. ఆ కబురు నాకు మధ్యాహ్నం అన్నం పొట్లం చుట్టిన పేపర్లో కనిపించింది. "కిడ్నీ వైద్యురాలు శ్రియానీ మొరగొల్ల, ఆరోగ్య శాఖ కొత్త ఉపమంత్రి." మా హెడ్ నర్సు చంద్రా మిస్సీ పరిప్పు కూర మరక తుడిచి మరీ చదివింది. "మన మేడమే కదా. చీర బాగుంది," అంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాటలతో పడేస్తావు, మెడికల్ కాలేజీ మొదటి ఏడాది నుంచీ అంతే. కాగితం మీద అయితే అన్నదానికి ఇద్దరం కట్టుబడి ఉండాలి.

మొన్న రెండో శనివారం నూటపది మంది వచ్చారు. రెండు గంటల దాకా బల్లల మీద కూర్చున్నారు. నేనే వెళ్ళి చెప్పాను, ప్రొఫెసరమ్మ రాదని.

"ఒంట్లో బాలేదా?" అన్నాడు టికిరి బండా.

"బాగానే ఉంది. మంత్రి అయింది."

"ఓహో. అయితే ఇకమీదట మనమే వెళ్ళి ఆవిడ గేటు ముందు నిలబడాలన్నమాట. మాకేం కొత్త కాదులే."

పక్కనే వాళ్ళావిడ రణ్‌మెణికా ఉంది. గుర్తుందా? నలభై ఏడేళ్ళు, రెండు కిడ్నీలూ పోయాయి, మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. "నువ్వు నోర్మూసుకో. మంత్రి అయితే మంచిదే. ఆ పెట్టెలు తెరిపిస్తుంది," అంది మొగుడితో.

ఆ పెట్టెల గురించే ఈ ఉత్తరం. ఆసుపత్రి వెనక కొత్త గదిలో నాలుగు డయాలసిస్ యంత్రాలు పద్నాలుగు నెలలుగా చెక్క పెట్టెల్లో ఉన్నాయి. నడపడానికి మనుషుల పోస్టులు మంజూరు కాలేదు. రణ్‌మెణికా ఇల్లు ఆ గదికి అరమైలు కూడా లేదు. ఆమె మాత్రం వారానికి రెండుసార్లు బస్సెక్కి యాభై రెండు కిలోమీటర్లు అనురాధపుర వెళ్ళాలి. ఒంట్లో ఓపిక లేని వారం ఒక్కసారే వెళ్తుంది. ఆ తేడా ఏమిటో నీకు నేను చెప్పాలా?

రాజకీయం తప్పని నేనను. నేను ఇరవై ఏళ్ళుగా సమ్మెల్లో ఉన్నదాన్నే. కానీ నీకు ఒక్క ఓటు పడలేదు. పోటీ లేకుండా పార్టీ జాబితాలోంచి తీసి నీ చేతిలో పెట్టిన సీటు అది. ఇచ్చినవాడు ఏదో ఒక రోజు చెయ్యి చాస్తాడు. ఆ రోజు ఏమిస్తావో ఇప్పుడే ఆలోచించుకో.

కుముదు యాపా


కొలంబో,
జనవరి 27

కుముదూ,

తిట్లు రెండుసార్లు చదివాను. అక్షరాలు మాత్రం ఇంకా అదే కోడి గీతలు. మందుల షాపువాళ్ళ మీద జాలేస్తుంది.

చెప్పకపోవడం తప్పే. చెబితే వద్దంటావు, నేను ఆగిపోతాను. అందుకే చెప్పలేదు.

ఎందుకు వచ్చానో విను. నవంబరులో వైవా పరీక్షలు పెడుతున్నాను. మీ క్లినిక్‌కి వచ్చిన విద్యార్థినే ఒకమ్మాయి. కారణం తెలియని కిడ్నీ జబ్బు గురించి గడగడా చెప్పింది. మార్కులు వేస్తున్నాను. "మేడమ్, ఒకటి అడగొచ్చా? మనం వీళ్ళకి వైద్యం చేస్తున్నామా, వీళ్ళని లెక్కపెడుతున్నామా?" అంది. ఫెయిల్ చేయాలనిపించింది. ఇంటికెళ్ళి నా పేపర్లు ముందేసుకున్నాను. పదహారు. వాటి వల్ల ఒక్క బావి మూతపడలేదు, ఒక్క గొట్టంలో మంచినీళ్ళు రాలేదు. ఆ వారంలోనే పార్టీవాళ్ళు అడిగారు. ఒప్పుకున్నాను. ఇందులో పారిపోవడం ఎక్కడుందో నువ్వే చెప్పాలి. నాకు తెలిసి యూనివర్సిటీలో ఉండిపోవడమే పారిపోవడం.

ఇక్కడి సంగతి. కుర్చీ వెనక తెల్ల తువ్వాలు వేస్తారు, రోజూ మారుస్తారు. ఎవరూ కాదనరు. "పరిశీలిద్దాం మేడమ్" అంటారు. కార్యదర్శి వెరగమ అని ఒకాయన, ముప్పై ఏళ్ళ సర్వీసు, తొమ్మిది మంది మంత్రులని చూశాడట. మొదటి రోజే అడిగాను, కొంగస్‌వెవ యూనిట్ ఎందుకు తెరవలేదని. ఆయన ఫైలు చూడకుండానే చెప్పాడు. "మన రికార్డు ప్రకారం ఆ ప్రాంతంలో కిడ్నీ రోగులు పంతొమ్మిది మంది మేడమ్. పంతొమ్మిది మందికి నాలుగు యంత్రాలు ఎందుకు?"

నవ్వకు. ఆయన అబద్ధం చెప్పలేదు. మీ వాళ్ళంతా అనురాధపుర పెద్దాసుపత్రిలో నమోదయ్యారు, ఆ జిల్లా కేంద్రం లెక్కలో కలిసిపోయారు. మీ ఆసుపత్రిలో వాళ్ళ రికార్డు లేదు. ఎందుకు లేదో నీకు తెలుసు. మన దగ్గర రికార్డు రోగి చేతిలోనే ఉంటుంది. ఎనభై పేజీల నోటుపుస్తకం కొనుక్కుని రమ్మంటాం, అందులో రాసి వాళ్ళ చేతికే ఇచ్చి పంపిస్తాం. నాదో ఎక్సెల్ పట్టిక ఉంది కానీ అందులో పేర్లు లేవు, నంబర్లే. రోగుల వివరాలు బయటపెట్టనని నైతిక కమిటీకి సంతకం పెట్టాను.

కాబట్టి నీ నుంచి ఒకటే కావాలి. పేర్లు, ఊళ్ళు, ఆఖరి క్రియాటినిన్ రీడింగు, డయాలసిస్ అవసరమా కాదా. ఆ పుస్తకాల్లోంచి తీసి పంపించు. అది చేతిలో ఉంటే కాబినెట్‌కి పోస్టుల కాగితం పెడతాను. ఒక స్పెషలిస్టు, ఆరుగురు నర్సులు, ఇద్దరు టెక్నీషియన్లు. ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం లోపు యూనిట్ తెరుస్తాం. రణ్‌మెణికాతో నేను అన్నానని చెప్పు.

శ్రియానీ


కొంగస్‌వెవ,
ఫిబ్రవరి 24

శ్రియానీ,

జాబితా ఇందులో పెట్టాను, ఇరవై ఆరు పేజీలు. చంద్రా మిస్సీ చేత్తో రాసింది. ఆవిడ అక్షరాలు నావిలా ఉండవు, వెరగమ గారికి ఇబ్బంది రాదు.

పుస్తకాలు అడిగితే జనం ఇవ్వలేదు. నేను ఊహించాను, నువ్వు ఊహించి ఉండవు. ఇన్నేళ్ళూ నీ ముందుకు పుస్తకాలు వాటంతట అవే తెరుచుకుని వచ్చాయి. ఆ పుస్తకం లేకపోతే ఏ డాక్టరూ వాళ్ళని ముట్టుకోడు. వర్షంలో ఇల్లు కారితే ముందు దాన్నే బయటికి తెస్తారు. రణ్‌మెణికా తన పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో పెడుతుంది.

"రెండు రోజులకి ఇవ్వండి, తిరిగి ఇస్తాం," అన్నాను.

"పోయినసారి భూమి పట్టాలు కూడా రెండు రోజులకే అడిగారు," అన్నాడు టికిరి బండా. "తొమ్మిదేళ్ళయింది."

చివరికి గుడిలో ఉండే భిక్షువు, హామదురువో, కలగజేసుకున్నారు. పోయ రోజున, పున్నమి నాడు, ధర్మోపదేశం అయ్యాక అందరూ పుస్తకాలతో ఆ మండపంలోనే కూర్చోండి, ఎవరి పుస్తకం వాళ్ళ చేతిలోనే ఉంటుంది, నర్సమ్మ పక్కన కూర్చుని చూసి రాసుకుంటుంది అన్నారు. అలాగే చేశాం. తెల్లబట్టలు కట్టుకుని, పూలు పెట్టి వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా వరసలో కదిలారు. అట్టల మీద క్రికెటర్లు, సినిమా తారలు, ఒకదాని మీద నెమలి. వెనకనుంచి తిప్పితే కొన్నింట్లో పిల్లల గుణకారాలు. ఒక ముసలాయన పుస్తకంలో నీ విద్యార్థి ఎవరో "రోగి సహకరించడం లేదు" అని రాశాడు. ఆయన ఆ లైను నాకు చూపించి, "ఇందులో ఏం రాశారమ్మా, మంచిదేనా?" అని అడిగాడు. మంచిదే అన్నాను.

మొత్తం రెండువందల పద్నాలుగు మంది. అందులో డయాలసిస్ ఇప్పుడే కావలసినవాళ్ళు అరవై మూడు. నీ శాఖ లెక్క పంతొమ్మిది.

ఇవి కాక ఇంకో ఇరవై ఏడు పుస్తకాలు వచ్చాయి. వాటిని తెచ్చింది భార్యలు, కొడుకులు, ఒక తల్లి. మధ్యలో ఒక తేదీ దగ్గర రాత ఆగిపోయింది, తర్వాత తెల్ల కాగితాలు. అవి ఎందుకు తెచ్చారని అడగలేదు. చంద్రా మిస్సీ వాటినీ రాసింది, ఆఖరి పేజీలో. ఏ శీర్షిక పెట్టాలో తెలియక శీర్షిక పెట్టలేదు.

రణ్‌మెణికా వరసలో ముందు కూర్చుంది. నీ మాట చెప్పాను. "కొత్త సంవత్సరం అంటే ఏడు వారాలు. లాగేస్తాను," అంది, జాకెట్టు కుట్టే దర్జీ ఇంకో వారం ఆగమంటే ఎలా అంటుందో అలా.

మొదటి రోజే మా యూనిట్ గురించి అడిగావు. దాన్ని నేను ఒప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటున్నాను. కాబినెట్ కాగితం నకలు పంపు.

కుముదు


ఆరోగ్య శాఖ ఉపమంత్రి కార్యాలయం,
కొలంబో,
మార్చి 17

ప్రియమైన డాక్టర్ యాపా,

మీరు పంపిన జాబితా అందింది. సంబంధిత కమిటీ పరిశీలనకి పంపించడమైనది. వనరుల పంపిణీలో ప్రాంతీయ సమతౌల్యాన్ని దృష్టిలో ఉంచుకుని తగిన నిర్ణయం తీసుకోబడుతుంది.

శ్రియానీ మొరగొల్ల
ఉపమంత్రి

(కుముదూ, పైది ఆఫీసులో టైపు చేశారు, నేను సంతకం పెట్టాను. చేత్తో రెండు ముక్కలు. మెట్ట ప్రాంతం మొత్తానికి బావి నీళ్ళ పరీక్ష తప్పనిసరి చేసే చట్టం ముసాయిదా తయారైంది. పెద్ద మంత్రి ఒప్పుకునేలా ఉన్నాడు. ఇది వస్తే మన పదకొండేళ్ళ పనికి అర్థం ఉంటుంది. కొంచెం ఓపిక పట్టు. రణ్‌మెణికాని అరటిపళ్ళు ముట్టొద్దను, పొటాషియం పెరుగుతుంది. శ్రి.)


కొంగస్‌వెవ,
ఏప్రిల్ 2

గౌరవనీయ ఉపమంత్రి గారికి,

నన్ను "మీరు" అన్నారు కాబట్టి నేనూ అంటున్నాను.

నిన్న ఉదయం మా ఆసుపత్రికి లారీ వచ్చింది. యంత్రాలు ఎక్కించుకుపోవడానికి. దక్షిణాన దెల్‌గహవత్త ఆసుపత్రికట. అది ఎవరి నియోజకవర్గమో మీకు తెలుసు, ఆ పెద్దమనిషి పక్క గదిలోనే కూర్చుంటారు. డ్రైవరు చేతిలో ఆర్డరు ఉంది. నకలు తీయించాను. మూడో పేరా ఇక్కడ రాస్తున్నాను, మీకు మరుపు వచ్చి ఉంటే:

"కొంగస్‌వెవ ప్రాంతంలో వ్యాధి తీవ్రత శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. ప్రొఫెసర్ మొరగొల్ల బృందం ప్రచురించిన పరిశోధన సైతం 'వ్యాధి భారాన్ని అంచనా వేయడానికి మరింత పరిశోధన అవసరం' అని తేల్చింది. కావున సదరు యంత్రాలను తాత్కాలికంగా తరలించడమైనది."

కింద సంతకం మసకగా పడింది. చంద్రా మిస్సీ మీదే అంటోంది. నేను ఇంకా అనడం లేదు.

యంత్రాలు పోలేదు. ఎందుకు పోలేదో రాస్తాను. నిన్న గురువారం, క్లినిక్ రోజు. లారీ వెనక్కి తిరిగి ఆ గది గుమ్మం దగ్గరికి వస్తుంటే రణ్‌మెణికా వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. నినాదం ఏమీ లేదు. ఆయాసం వస్తోంది, కూర్చుంది. పక్కన టికిరి బండా. తర్వాత ఒక్కొక్కరే. అరగంటలో నలభై మంది, అందరి ఒళ్ళోనూ నోటుపుస్తకాలు.

డ్రైవరు దిగి బతిమాలాడు. "అక్కా, నా పని నన్ను చేసుకోనివ్వండి. నేనేం చేసేది?"

"నువ్వేం చెయ్యొద్దు తమ్ముడూ," అంది రణ్‌మెణికా. "ఊరికే కూర్చో. మేమూ ఊరికే కూర్చున్నాం. మాకు జబ్బు ఉందో లేదో ఇంకా తేలలేదట."

వాడు నవ్వాడు, ఆపుకోలేక. తర్వాత కాంటీన్‌లో టీ తాగి, ఆర్డరు వెనక "దారి మూసి ఉన్నది" అని రాసి నా సంతకం అడిగాడు. పెట్టాను. రేపు నా మీద విచారణ రావచ్చు. రానీ.

అయితే వాడు మళ్ళీ వస్తాడు. ఈసారి పోలీసులతో వస్తాడు. కాబట్టి ఒక్క ప్రశ్న, ఒక్క వాక్యంలో జవాబు చాలు. ఆ సంతకం నీదా?

కుముదు యాపా


కాండీ,
ఏప్రిల్ 9

కుముదూ,

నాదే.

మసకగా పడింది కలం ఇంకు అయిపోయి. చూడకుండా పెట్టానని రాద్దామనుకున్నాను, నలభై ఫైళ్ళ మధ్య జారిపోయిందని. నువ్వు నమ్మేదానివి కూడా. కానీ చదివాను. మూడో పేరా రెండుసార్లు చదివాను.

జరిగింది ఇది. పెద్ద మంత్రి తన గదికి పిలిచాడు. నా నీళ్ళ చట్టం బల్ల మీద ఉంది. "అక్కా, మీ చట్టం కాబినెట్‌లో పెడతాను. ఆ నాలుగు యంత్రాలు మా ఊరికి ఇప్పించండి, కొత్త సంవత్సరానికి జనం ముందు ప్రారంభోత్సవం చేసుకోవాలి," అన్నాడు. చాలా మర్యాదగా. పాలకూడుతో ఫలహారం పెట్టించాడు. నేను లెక్క వేశాను. ఒక పక్క అరవై మూడు మంది. ఇంకో పక్క ఆ చట్టం వస్తే జబ్బు పడకుండా ఉండే వేలమంది. ఇరవై ఏళ్ళు విద్యార్థులకి చెప్పిన పాఠమే అది, ప్రజారోగ్యం అంటే అదే. సంతకం పెట్టాను.

కారణం కావాలి కదా ఆర్డరుకి. వెరగమ నా పదహారు పేపర్లూ తెచ్చాడు. ఆఖరి పేజీల్లో రంగు చీటీలు అంటించాడు. పదహారింటిలోనూ అదే వాక్యం. మరింత పరిశోధన అవసరం. ఆయన గొంతులో వెటకారం లేదు. "మేడమే రాశారు కదా, ఇంతకంటే ఆధారం ఏముంటుంది," అన్నాడు.

ఆ వాక్యం ఎందుకు రాస్తామో నీకు తెలుసు. అది లేకపోతే పత్రికవాళ్ళు పేపరు తిప్పి పంపుతారు, తర్వాతి గ్రాంటు రాదు. నాకు నా గురువు నేర్పాడు, నేను నా పిల్లలకి నేర్పాను. ఎవరైనా ఎప్పుడైనా దాన్ని నిజమని చదువుతారని నాకు తట్టలేదు.

ఇంకొకటి. నాకు బాధగానే ఉంది రాయడానికి, అయినా రాస్తున్నాను. ఆ పదహారులో పదకొండు పేపర్ల మీద నా పేరు పక్కన నీ పేరు ఉంది. ముసాయిదా ప్రతిసారీ నీకు పంపాను. నువ్వు కామాలు కూడా దిద్దావు. ఆ వాక్యం దగ్గర ఏనాడూ పెన్సిలు పెట్టలేదు.

ఇక చట్టం. మొన్న మంగళవారం కాబినెట్ ముందుకి వెళ్ళింది. పురుగుమందుల దిగుమతిదారుల తరఫున ఒక మంత్రి లేచి, నీళ్ళకీ జబ్బుకీ సంబంధం తేలలేదని నా పేపరే చదివాడట. నిపుణుల కమిటీకి పంపారు. పద్దెనిమిది నెలల గడువు. పెద్ద మంత్రి ఫోన్ చేసి, "నేను నా వంతు చేశాను కదక్కా," అన్నాడు.

రెండూ పోయాయి.

సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. ఫ్యాకల్టీలో నా పోస్టు ఇంకా భర్తీ కాలేదు, డీన్ రమ్మంటున్నాడు. మళ్ళీ రెండో శనివారాలు రాగలను. ఏం చెయ్యమంటావో చెప్పు. నువ్వు ఏది చెబితే అది.

రణ్‌మెణికా ఎలా ఉంది?

శ్రియానీ


కొంగస్‌వెవ,
ఏప్రిల్ 22

శ్రియానీ,

రణ్‌మెణికా చనిపోయింది. పద్నాలుగో తేదీ సాయంత్రం.

కొత్త సంవత్సరం వారం బస్సులు ఉండవని నీకు తెలుసు. డ్రైవర్లూ కండక్టర్లూ ఊళ్ళకి పోతారు, ప్రతి ఏడూ అంతే. పదకొండున వెళ్ళాల్సిన డయాలసిస్ పోయింది. పద్నాలుగు ఉదయానికి ఊపిరి అందడం లేదు. అప్పటికి పాత ఏడాది వెళ్ళి కొత్త ఏడాది రాని గడియలు నడుస్తున్నాయి. పొయ్యి వెలిగించరు, గుమ్మం దాటి ఏ పనికీ బయల్దేరరు. టికిరి బండా ఆటో పిలుస్తానన్నాడు. ఆమే ఆపింది. "గడియలు దాటాక పోదాం. పిల్లలకి ఏడాదంతా ఆసుపత్రే రాసిపెట్టినట్టవుతుంది," అంది. మధ్యాహ్నం రెండున్నరకి టపాకాయలు పేలాక తీసుకొచ్చారు. కొత్త చీర కట్టుకుంది, ఆ ఏటికి పంచాంగం చెప్పిన రంగు. నేను ఆక్సిజన్ పెట్టాను, ఇంజెక్షన్లు ఇచ్చాను, అంబులెన్సులో నేనే ఎక్కాను. సగం దారి కూడా పోలేదు.

మూఢనమ్మకం చంపిందని మీ శాఖవాళ్ళు రాస్తారు. నేను ఇప్పుడే చెబుతున్నాను, రాయనివ్వను. యూనిట్ తెరిచి ఉంటే ఆమెకి పదకొండో తేదీన డయాలసిస్ జరిగి ఉండేది. అరమైలు నడిచి వచ్చి ఉండేది. పద్నాలుగున గడియలు దాటేదాకా పొయ్యి ముందు కూర్చుని, అందరితో పాటు పాలు పొంగించి ఉండేది. గడియలకి ఆగగల మనిషిని ఆగలేని స్థితికి తెచ్చింది మనం.

టికిరి బండా నాతో ఒకే మాట మూడుసార్లు అన్నాడు. "అరటిపండు ముట్టలేదు డాక్టరమ్మా. పళ్ళెంలో పెట్టాం కానీ ముట్టలేదు. ప్రొఫెసరమ్మ వద్దందని చెప్పారు కదా." నీకు చేరవేయాల్సిన మాట కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరం. మనం అంటున్నాను, గమనించే ఉంటావు. పదకొండు పేపర్లూ బయటికి తీశాను. నిజమే, కామాలు దిద్దాను. ఆఖరి పేరాకి వచ్చేసరికి నా కళ్ళు నా పేరు సరిగ్గా పడిందా లేదా అని చూసేవి. పల్లెటూరి ఆసుపత్రి డాక్టరు పేరు విదేశీ పత్రికలో పడితే బాగుంటుంది శ్రియానీ. అమ్మకి చూపించాను కూడా. నిన్ను పారిపోయావు అన్నాను. నేను ఇక్కడే ఉండి అదే పని చేశాను. ఆ సంగతి నీ మీద కోపాన్ని తగ్గించలేదు, కొంత నా మీదికి తిప్పింది, అంతే.

నీ లెక్క మాత్రం నేను ఒప్పుకోను. అరవై మూడు ఒక పక్క, వేలు ఇంకో పక్క అన్నావు. ఆ తక్కెడ నువ్వు తయారు చేసింది కాదు. పెద్ద మంత్రి ఫలహారంతో పాటు నీ ముందు పెట్టాడు. రెండూ ఇవ్వగలిగినవాడు ఒకటి ఎంచుకోమంటే, అది ప్రజారోగ్యం కాదు, బేరం. నీకు బేరం తెలియదు, క్లాసురూములో ఎవరూ నీతో బేరమాడలేదు. నేర్చుకో. నువ్వు వెళ్ళిపోతే వచ్చేవాడికి ఆ పదహారు పేపర్లు ఎవరు రాశారో కూడా తెలియదు. ఆ వాక్యాన్ని కొట్టేయగల మనిషివి ఈ దేశంలో నువ్వొక్కదానివే, అదీ ఆ సభలో కూర్చున్నంత కాలమే.

ఏది చెబితే అది చేస్తానన్నావు. చెబుతున్నాను. ఇవి నా ఒక్కదానివి కావు. మొన్న రణ్‌మెణికా పేరున భిక్షువులకి పెట్టిన ఏడో రోజు దానానికి వచ్చినవాళ్ళంతా కూర్చుని ఒక్కొక్కటీ ఒప్పుకున్నాకే రాశాను.

1. యంత్రాల తరలింపు ఆర్డరు రద్దు చెయ్యి. సంతకం నీదే ఉండాలి, ఇంకు నిండుగా ఉన్న కలంతో.

2. ఒక స్పెషలిస్టు, ఆరుగురు నర్సులు, ఇద్దరు టెక్నీషియన్ల పోస్టులు ఈ నెలాఖరు లోపు మంజూరు కావాలి. స్పెషలిస్టు దొరికేదాకా వారానికో రోజు నువ్వే వచ్చి చూడు. మంత్రి వైద్యం చేయకూడదని ఏ చట్టంలో ఉందో వెరగమ గారిని రాసి ఇమ్మను.

3. రెండువందల పద్నాలుగు మంది పేర్లు శాఖ రిజిస్టరులో ఎక్కాలి. ఇరవై ఏడు పేర్లు కూడా. శీర్షిక మీరే పెట్టండి.

4. పార్లమెంటులో లేచి, ఆ వాక్యం అలవాటుగా రాసిందని, కొంగస్‌వెవలో జబ్బు ఎంత ఉందో తెలుసని, యంత్రాలకీ మంచినీళ్ళకీ ఇంకే పరిశోధనా అక్కర్లేదని చెప్పు. అచ్చులో పడేలా చెప్పు.

5. పత్రికకి దిద్దుబాటు ఉత్తరం పంపాలి. ముసాయిదా జతచేశాను. కింద ఇద్దరికీ చోటు వదిలాను, నా సంతకం అయింది.

6. నీళ్ళ చట్టం మళ్ళీ పెట్టు. ఈసారి దాని మీద ఎవరి యంత్రాలూ, ఎవరి ఊరూ పణంగా పెట్టకు.

7. సంచిలో ఉన్న రాజీనామా చించెయ్యి.

8. యూనిట్‌కి ఎవరి పేరూ పెట్టొద్దు. రణ్‌మెణికా పేరు కూడా.

9. ఇదంతా మే 12 లోపు జరగాలి. ఎచ్. ఎం. సీలావతి, ముప్పై తొమ్మిదేళ్ళు, ముగ్గురు పిల్లలు. ఆమెకి డయాలసిస్ మొదలుపెట్టడానికి ఆ తేదీ దాటి ఆగలేం.